సంగిడి ఎత్తినోడి మాట

బర్మామైన్స్, టాటానగర్
జనవరి ఆఖరి ఆదివారం

అమ్మా ఈశ్వరీ, నేను పడలేదే!

నిజం తల్లీ, పడలేదు. మొన్న శుక్రవారం గోడకి గుద్దుకున్నాను. బుర్ర గిర్రున తిరిగిపోయింది, మోకాళ్ళు రెండూ వంగిపోయాయి. ఎప్పట్లాగైతే అక్కడే కుప్పకూలిపోవాలి. కూలలేదు. రైలు పట్టాల అతుక్కి ఫిష్‌ప్లేటు బిగించినట్టు కాళ్ళు రెండూ నేలని పట్టుకున్నాయి. మీ అమ్మ గిన్నెలు తోముతా చూసి ‘ఓలమ్మో, నిలబడిపోనాడు!’ అని అరిచింది. అరవై తొమ్మిదేళ్ళ ముసిలోణ్ణి, ఎంత తోసినా నిలబడ్డానంటే అదంతా నువ్వు నేర్పిన చలవే.

నీ అడవి క్యాంపులో ఫోను పలకదు, ఇక్కడ నా ఫోను ముక్కలైపోయింది. అందుకని ఈ కాయితం. మీ రేషన్ బండి ఎప్పుడెళ్తే అప్పుడే అందుద్ది, ఏం చేత్తాం.

దసరాకి సెలవు మీద వచ్చినప్పుడు నా చేతి కట్టు చూసి, మీ అమ్మ నడుం మీద నల్లమచ్చ చూసి ‘మీరిద్దరూ ఊరికే పడిపోతన్నారు నాన్నా, కాళ్ళల్లో కండ కరిగిపోయింది, బరువు మొయ్యకపోతే ముసలాళ్ళకి ఎముకా గుల్లయిపోద్ది’ అన్నావు. స్టూలు మీద కూకోబెట్టి, చేతులు కట్టుకుని నెగమన్నావు, చెయ్యి ఆనకుండా లేచి నిలబడమన్నావు. నెగలేకపోయాను. రైల్వే గ్యాంగులో బతుకంతా పట్టాలు మోసినోణ్ణి, స్టూలు మీంచి నెగలేకపోయాను! నువ్వు పెరట్లోకెళ్ళాక ఏడ్చాను తల్లీ.

ఇప్పుడు చూడాలి నువ్వు. చేతులు కట్టుకుని నెగుతున్నాను, కూకుంటన్నాను, మళ్ళీ నెగుతున్నాను. చెరో చేతా నీళ్ళ డబ్బా పట్టుకుని కుళాయి కాడ్నించి ఇంటిదాకా ఎక్కడా దించకుండా వత్తన్నా. గోడని అరచేతుల్తో తోత్తన్నా. కిటికీ ఊచలు పట్టుకుని మడమలెత్తుతున్నా. ఒంటికాలి మీద నిలబడి పళ్ళు తోముకుంటంటే వీధిలో పిల్లలు ‘కొంగ తాత’ అంటన్నారు. అననీ. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దన్నావు, వదుల్తానే ఎత్తుతున్నా. రోజు విడిచి రోజు చేత్తన్నా. బీ.పీ. కూడా చూపించాను. డాక్టరు బాబు నా జబ్బ పట్టి చూసి ‘చాచా, ఖాతే క్యా హో?’ అన్నాడు. శనగల సత్తుపిండి, గుడ్లు, చోడి అంబలి అని చెప్పాను.

మీ అమ్మా నాతోపాటే. నేల మీద చెయ్యి ఆనించకుండా నెగుతంది. సగం బస్తా బియ్యం గుండెకి కరుచుకుని గదిలో అటూ ఇటూ తిరుగుతంది. నేను నవ్వితే ‘నీకన్నా బియ్యం నయం, ఎత్తితే మాటాడవు’ అంది.

ఇంక నాకు భయం లేదు. తోసినా పడను. మీ తమ్ముడు హరి బాగానే ఉన్నాడు.

మీ నాన్న,
కూర్మారావు

*

ఫోర్సు క్యాంపు, బస్తర్ అడవి
ఫిబ్రవరి

నాన్నకి,

నీ ఉత్తరం అందింది. కొంగ తాత అని చదివి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పక్క మంచం పిల్ల ‘క్యా హువా దీదీ’ అంటే చదివి హిందీలో చెప్పాను, అదీ నవ్వింది. అమ్మ బస్తా మోస్తోందంటే నమ్మలేకపోయాను.

తర్వాత మళ్ళీ చదివాను. ‘ఎంత తోసినా’ అని రాశావు. ‘తోసినా పడను’ అని కింద ఇంకోసారి రాశావు.

నిన్ను ఎవరు తోశారు?

నాన్నా, ఇక్కడ నా పని నీకు తెలుసు. కొత్తగా చేరినవాళ్ళకి లాఠీ పట్టడం, బరువులెత్తడం నేర్పుతాను. లాఠీ మీదికొస్తే మనిషి ఏం చేస్తాడో చెప్పనా? ముంజెయ్యి తలకి అడ్డం పెడతాడు. దెబ్బ చిటికెనవేలు వైపు ఎముక మీద పడుతుంది, ఎముక నడిమికి విరుగుతుంది. జారిపడ్డవాడు అరచెయ్యి నేలకి ఆనిస్తాడు, వాడికి మణికట్టు దగ్గర పోతుంది. దసరాకి నీ ఎక్స్‌రే వెలుతురుకి ఎత్తి చూసింది నేనే. నడిమికి విరిగింది. అలాంటివి ఇక్కడ ఎన్ని చూశానో. కానీ మా నాన్నది చూస్తే ‘పాపం, బాత్రూంలో జారాడు’ అనుకున్నాను. మా నాన్న మీద ఒకడు చెయ్యెత్తుతాడని నాకు తోచనే లేదు.

అమ్మ నడుం మీది మచ్చ కూడా ఇప్పుడు కళ్ళ ముందుకొస్తోంది. మెట్టు మీద పడితే మచ్చ గీతలా ఉంటుంది. అది గుండ్రంగా ఉంది. మడమంత ఉంది.

ఆ ఇంట్లో ఉండేది ముగ్గురు. నువ్వు, అమ్మ, హరి. నేను అడగను. నువ్వే రాయి.

ఈశ్వరి

*

బర్మామైన్స్
ఫిబ్రవరి

అమ్మా ఈశ్వరీ,

ఎద్దు తోసిందమ్మా. బజారుకెళ్తే కూరల బండి కాడ ఒక ఎర్రెద్దు ఉంది, పెద్ద కొమ్ములు, దానికి నా సంచి చూసి ఏటనిపించిందో గానీ వచ్చి ఒక్క తోపు తోసింది. గోడకెళ్ళి పడ్డాను. ఈ ఊళ్ళో ఎద్దుల్ని అడిగే నాథుడు లేడు.

ఇంతదాకా రాసి మీ అమ్మకి చదివి వినిపించాను. చేట పక్కన పెట్టింది. ‘ఆ ఎద్దుకి పేరెట్టు. నానెట్టిన పేరే. రాయి’ అంది.

హరికిరణ్.

రాసేశాను తల్లీ.

వాడి పెళ్ళాం హేమ ఉన్నన్నాళ్ళూ దెబ్బలన్నీ ఆ పిల్లే తిన్నాది. గోడకవతల మాకు వినపడేవి. ఆ పిల్ల సిద్ధగోరాలో పుట్టింటికి పారిపోయింది. ప్లాంటులో కాంట్రాక్టు పని కూడా పోయింది వాడికి. పొద్దు నడినెత్తికి రాకుండానే తాగి వత్తాడు. అప్పట్నించీ మా వంతు. పప్పులో ఉప్పు తక్కువైందని కంచం మొహాన్న కొట్టాడు. తలుపు తియ్యడం ఆలీసమైందని జుట్టు పట్టుకుని గుమ్మానికేసి కొట్టాడు. చేతి ఎముక నువ్వు చెప్పినట్టే విరిగింది. వాడు ఇనప ఊసతో తల మీదికొత్తే చెయ్యి అడ్డం పెట్టాను. మీ అమ్మని కిందపడేసి మడమతో తొక్కాడు. నీకు చెప్పేత్తానేమోనని నా ఫోను నేలకేసి కొట్టాడు.

నీకెందుకు చెప్పలేదంటావా? నువ్వు తుపాకీ పట్టే గుంటవి. వత్తే ఊరికే వత్తావా. ఇంకోటి, సిగ్గు. వీధి పెద్ద ముసలయ్య మావకి ఒకసారి చెప్పబోయాను. నోటి మాట నోట్లోనే ఉండగా ‘ఇంటి గుట్టు ఇంట్లో ఉంచు కూర్మయ్యా, కొడుకన్నాక ఓ మాటంటాడు, ఓ చెయ్యేత్తాడు’ అని లేచిపోయాడు. అందుకని చుట్టాలందరికీ పడ్డామనే చెప్పేం. నీకూ అదే చెప్పేం. నువ్వు పాపం పడకుండా ఉండటానికి నేర్పావు. లేని జబ్బుకి మందిచ్చావు తల్లీ, అయినా మందు పని చేసింది!

ఆ శుక్రవారం వాడు నన్ను గోడకేసి తోసి, ఎప్పట్లాగే పడతాననీ, పడితే తన్నొచ్చనీ చూత్తా నిలబడ్డాడు. నేను పడలేదు. వాడి మొహం చూడాలి నువ్వు! ఒక అడుగు ఎనక్కేశాడు. ఆ ఒక్క అడుగు చూసి నాకు పండగైపోయింది.

మీ నాన్న

*

ఫోర్సు క్యాంపు
ఫిబ్రవరి

నాన్నా,

సెలవడిగాను. ఇక్కడ పని నడుస్తోంది, ఇప్పుడు ఎవరినీ వదలరట. మా సాహెబ్ ముందు నిలబడి అడుగుతుంటే పళ్ళు కొరుక్కున్నాను, నోట్లో రక్తం రుచి తగిలింది.

చంటివాడిగా ఉన్నప్పుడు వాణ్ణి నడుమున వేసుకుని తిప్పింది నేను. ఆ మడమకి నలుగు పెట్టింది నేను.

విను. నీకిప్పుడు బలం ఉంది. వాడు చెయ్యెత్తితే ఎనక్కి పోకు, ముందుకే పో. వాడి చేతి లోపలికి వచ్చెయ్. దగ్గరికొస్తే ఊస పనికిరాదు. మణికట్టు దొరకబుచ్చుకుని నీళ్ళ డబ్బా పట్టినట్టు పట్టు, వదలకు. మోకాలి మీద పక్కనుంచి తన్ను. ఎంత తాగినవాడైనా మోకాలు పోతే కూలతాడు. పడ్డాక లేవనివ్వకు. లేస్తే అమ్మ మీద పడతాడు. విరగ్గొట్టు. నేను చెప్తున్నాను, విరగ్గొట్టు. పాపం వస్తే నాకే రానీ.

పోలీసు థానాకి కూడా వెళ్ళు. ముందు మాత్రం వాడికి నొప్పంటే ఏంటో తెలియాలి.

ఈశ్వరి

*

బర్మామైన్స్
మార్చి మొదట

అమ్మా ఈశ్వరీ,

కొట్టానే తల్లీ! కొట్టాను!

మంగళవారం వాడు తూలుతా వచ్చాడు. మీ అమ్మ ‘బువ్వ తింటావేటి’ అన్నాది, అంతే. కాగుతన్న పప్పు కుండ తన్నాడు, మీ అమ్మ పాదం మీద చింది బొబ్బలెక్కింది. ఊస తీశాడు. నేను నువ్వు చెప్పినట్టే ముందుకెళ్ళాను. మణికట్టు దొరికింది. పిసికాను. ఊస జారి కింద పడింది. ‘అరె బుడ్ఢా, ఛోడ్’ అన్నాడు. మోకాలి మీద తన్నాను. ఈసారి పడింది వాడే! గుండెల మీదెక్కి కూకుని ఒకటిచ్చాను, పెదవి చిట్లింది. ఇంకోటిచ్చాను, పన్ను ఊడి చాపకిందికి దొర్లింది. ఎంత బాగుందనుకున్నావు! చెప్తే నవ్వుతావు, పాతికేళ్ళ కుర్రోణ్ణైపోయినట్టుంది. చెయ్యి ఆగలేదు. వాడు ‘నాన్నా’ అన్నాడు, అయినా ఆగలేదు.

మీ అమ్మ బకెట్టు నీళ్ళు తెచ్చి మా ఇద్దరి మీదా కుమ్మరించింది. కుక్కలు కరుచుకుంటే పోసినట్టు. ‘ఈ ఇంట్లో కొట్టేవోడు ఒకడుండేవోడు. ఇప్పుడిద్దరయ్యారు’ అంది. ఆ పూట వండలేదు, తినలేదు.

నేను మాత్రం సంతోషంగానే ఉన్నాను. వాడు మూడు రోజులు తల దించుకు తిరిగాడు. గెలిచామనుకున్నాను.

తరవాత నేను రేషను తేవడానికి వెళ్ళాను. వాడు మీ అమ్మ చెయ్యి తలుపు సందులో పెట్టి తలుపేశాడు. రెండు వేళ్ళు విరిగాయి. ‘ముసిలోడు కండలు పెంచాడు. నువ్వేటి పెంచావు?’ అన్నాడంట. మంచంకోడు మీదికి తోసేశాడు కూడా. డాక్టరు తుంటి కూడా ఫోటో తీయించి, ఈ వయసులో అంత దెబ్బకి తుంటి విరగకపోవడం అదృష్టం అన్నాడు. ‘అదురుష్టం కాదు బాబూ, బియ్యం బస్తా’ అంది మీ అమ్మ. నొప్పితో ఏడుస్తానే అంది.

చూశావా తల్లీ. నాకు బలమొత్తే దెబ్బలు ఆగలేదు, మీ అమ్మ వైపు తిరిగాయి. నేను వీధిలోకి వెళ్ళాలంటే మీ అమ్మని తీసుకునే వెళ్తన్నా. వాడు తలకింద ఊస పెట్టుకు తొంగుంటన్నాడు. నేనూ గునపం పక్కనేసుకుంటన్నా. ఎవడో ఒకడు చచ్చిపోతాడు ఈ ఇంట్లో.

మీ అమ్మ ఒక ఉపాయం చెప్పింది. ఉగాది వెళ్ళాక మన అమ్మోరి పండగ. గుడి ముందు సంగిడి రాళ్ళెత్తుతారు, నీకు గుర్తుంటాది: రాయి కౌగిలించుకుని, భుజం మీదికెత్తి, ఎనక్కి పడెయ్యాలి. ఎత్తినోడు వీధికి ఒక మాట చెప్పుకోవచ్చు, ఆ మాట అయ్యేదాకా ఎవడూ అడ్డం రాకూడదు. అది మన తాతలు శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చినప్పట్నించీ ఈ వీధి కట్టుబాటు. కుర్రోళ్ళు ఎత్తి, మురుగు కాలవ బాగు చేయించండనో, నాకు పిల్లనివ్వండనో అని నవ్విత్తారు. మీ అమ్మ ‘ఇంట్లో ఎత్తినది సాలు. బయటెత్తు. అప్పుడు ముసలయ్య లేచిపోలేడు కదా’ అన్నాది.

మూడు రాళ్ళుంటాయి కదా, పెద్దదీ, నడిపిదీ, పిల్లదీ; నేను నడిపి రాయి ఎత్తుతాను. రోజూ పొద్దున్న గుడికాడికి పోయి దాన్ని మోకాళ్ళదాకా లేపి దించుతున్నా.

మీ నాన్న

*

ఫోర్సు క్యాంపు
మార్చి

నాన్నా,

పోయినసారి నేను రాసింది చింపెయ్. ఇక్కడ పడ్డవాణ్ణి లేవనివ్వకుండా ఉంచితే ఎనకాల మావాళ్ళు ఇంకా పదిమంది ఉంటారు, వాణ్ణి తీసుకుపోతారు. మీ ఇంట్లో రాత్రయితే మళ్ళీ ఆ ముగ్గురే. అది నాకు తట్టలేదు. అమ్మ వేళ్ళు నేనే తలుపులో పెట్టినట్టుంది.

ఊస, గునపం రెండూ బయట పారెయ్. అమ్మని భాలుబాసాలో బలరామ్ చిన్నాన్న ఇంట్లో ఉంచు. ఉండనంటుంది, తెలుసు.

రాయి సంగతి. వంగేది మోకాళ్ళ దగ్గర, నడుం దగ్గర కాదు. రాయిని గుండెకి అంటించుకో, దూరంగా పట్టుకుంటే బరువు రెట్టింపవుతుంది. ముందు ఒళ్ళోకి తెచ్చుకో, ఊపిరి తీసుకో, అప్పుడు కాళ్ళతో లే. నడుంలో కత్తి దిగినట్టుంటే వదిలెయ్, సిగ్గుపడకు. రాయి లేవకపోయినా నోరు లేస్తుంది. ఎవరైనా అడ్డమొస్తే గట్టిగా కేకెయ్యి.

ఏప్రిల్ ఆఖరికి సెలవిచ్చారు. అప్పటిదాకా బతికుండండి ఇద్దరూ.

ఈశ్వరి

*

బర్మామైన్స్
ఏప్రిల్

అమ్మా ఈశ్వరీ, మీ అమ్మ గురకెడతంది!

పట్టపగలు తల్లీ, తలుపులు బార్లా తీసి, కట్టుకట్టిన చెయ్యి గుండెల మీద పెట్టుకుని, రైలింజన్లా గురక! రెండేళ్ళయింది విని. అడుగుల చప్పుడు వినాలని ఒక చెవి తెరుచుకునే తొంగునేది. పక్కన కూకుని ఈ ఉత్తరం రాత్తన్నా, లేపబుద్ధి కాడం లేదు.

జరిగింది జరిగినట్టు చెప్తా.

అమ్మోరి పండగ నాడు డప్పులు మోగుతన్నాయి. కుర్రోళ్ళు పెద్ద రాయి ఎత్తారు. నేను తువ్వాలు నడుముకి బిగించి నడిపి రాయి కాడికెళ్తే ముసలయ్య మావ ‘ఏటి కూర్మయ్యా, చావడానికి ఇంకో రోజు దొరకలేదా, పిల్ల రాయి ఉంది కదా’ అన్నాడు. అందరూ నవ్వారు. ‘పిల్ల రాయెత్తితే పిల్ల మాటే చెప్పాల మావా. నాది పెద్ద మాట’ అన్నాను.

గుండెకి అంటించుకున్నాను. ఒళ్ళోకొచ్చింది. ఊపిరి తీశాను. కాళ్ళతో లేచాను తల్లీ, తొడలు రెండూ మండిపోయాయి, లేచాను. భుజం మీద దాన్ని ఆపి ఎనక్కి పడేశాను. నేల దద్దరిల్లింది! ఈలలు, డప్పులు. చెయ్యెత్తితే డప్పులాగాయి.

‘నా కొడుకు హరికిరణ్ నన్నూ, నా పెళ్ళాన్నీ రెండేళ్ళుగా కొడతన్నాడు’ అన్నాను.

వాడు జనంలోనే ఉన్నాడు. జెండా కట్టిన వెదురుబొంగు పీక్కుని వచ్చాడు. ‘చుప్, బుడ్ఢా!’ అని మొదటి దెబ్బ భుజం మీదేశాడు. నేను చెయ్యి అడ్డం పెట్టలేదు. చెయ్యి పెడితే వాడికీ నాకూ కొట్లాటైపోద్ది, మాట పోద్ది. ‘చెయ్యి విరగ్గొట్టాడు’ అన్నాను. రెండోది ఈపు మీద. ‘నా పెళ్ళాన్ని మడమతో తొక్కాడు’ అన్నాను. మూడోది నుదుటి మీద పడింది, నెత్తురు కంట్లోకొచ్చేసింది, ముసలయ్య ఎర్రగా కనపడ్డాడు. ‘తలుపు సందులో వేళ్ళు పెట్టి తలుపేశాడు’ అన్నాను. వాడు కొడతన్నాడు, నేను చెప్తన్నాను. అడ్డం రాకూడదు కదా, జనం అలాగే గుడ్లప్పగించి చూత్తన్నారు. పడతానని వాడు ప్రతి దెబ్బకీ చూశాడు. పడలేదు. ‘మేం ఎప్పుడూ జారిపడలేదు. అంతా వీడే. ఇదీ నా మాట. అయిపోయింది’ అన్నాను.

అయిపోయింది అన్నానో లేదో వీధి వీధంతా వాడి మీద పడిపోయింది.

తల్లీ, నేను అదే కోరుకున్నానని ఒప్పుకుంటాను. నాలుగు దెబ్బలు పడనీ అనుకున్నాను. కానీ నాలుగు కాదు. చెప్పులు, బొంగులు, మోకాళ్ళు. రెండేళ్ళు గోడకవతల విని ఊరుకున్నోళ్ళే ఎక్కువ కొట్టారు. పక్కటెముక విరిగిన చప్పుడు నాకు వినపడింది. వాడి అరుపాగిపోయింది, అయినా కొడతన్నారు. ఎవడో పిల్ల రాయి రెండు చేతుల్తో తలమీదికెత్తాడు, హరిగాడి బుర్ర మీద వెయ్యడానికి.

నేను జబ్బతో జనాన్ని చీల్చుకుని దూరిపోయాను. వాడి మీద వంగి ఈపు అడ్డం పెట్టాను. కొన్ని నాకూ తగిలాయి. మోకాళ్ళు వంచి, వాణ్ణి గుండెకి అంటించుకుని లేచాను. రాయి నయం, కదలదు. వీడు గిలగిల్లాడతన్నాడు, నెత్తురుతో జారిపోతన్నాడు. భుజం మీదేసుకున్నాను. మీ అమ్మ ముందు నడిచింది, ‘తప్పుకోండి! నా బిడ్డ, నానే తీసుకెళ్తాను! ఇన్నాళ్ళూ రానోళ్ళు ఇప్పుడూ రాకండి!’ అని కేకలేత్తా, కట్టు కట్టిన చేత్తోనే అందర్నీ తోసుకుంటా. ఆటో స్టాండుదాకా మోశాను. దారిలో వాడు నా ఈపు మీద కక్కుకుని ‘నాన్నా, దించెయ్’ అన్నాడు. దించలేదు.

ఆసుపత్రిలో కుట్లేశారు, వాడికీ నాకూ. అక్కణ్ణించి మీ అమ్మ ఇంటికి రానంది, థానాకి పదమంది. అక్కడ దరోగా నా తల కట్టు చూసి, మీ అమ్మ చెయ్యి చూసి ‘అమ్మాజీ, బేటా హై, సమ్‌ఝౌతా కర్ లీజియే’ అన్నాడు, కొడుకే కదా రాజీపడిపోమని. మీ అమ్మ తెలుగులోనే ‘సమజోతా రెండేళ్ళు సేసినాం బాబూ. వాణ్ణి చంపనివ్వకండా తెచ్చింది మేమే, కేసెట్టేదీ మేమే. రాసుకో’ అంది. ఆయనకి ఏమర్థమైందో, రాసుకున్నాడు. వీధిలో సాక్ష్యం చెప్పడానికి ముసలయ్య మావే ముందొచ్చాడు. నా మొహం చూడలేక గోడకేసి చూత్తా చెప్పాడు.

వాడు బతికాడు. ఆసుపత్రి నుంచి కోర్టుకి, కోర్టు నుంచి జైలుకి పంపారు. తాగుడు మానిపించే వార్డు లోపలే ఉందంట. మీ అమ్మ ఒకసారి వెళ్ళి చూసింది, ‘కేసు ఎనక్కి తీసుకోను, కూడు మాత్రం అడుగు, తెత్తాను’ అని చెప్పి వచ్చేసింది. వచ్చాక ఏడ్చింది. ఏడ్చాక మినప సున్నుండలు చేసింది, విరిగిన వేళ్ళతో! నేను తిన్నాను, మళ్ళీ డబ్బాలెత్తాను. ఇంక ఎవరి కోసమో కాదు తల్లీ, నాకు బాగుంది, అందుకు. నెగితే నెగుతున్నాను, నడిస్తే నడుస్తున్నాను, ఇంకేం కావాల! నువ్వొచ్చేటప్పటికి మీ అమ్మ కట్టు ఇప్పేత్తారు. ఈ సెలవులో నువ్వు వండద్దు, కడగద్దు, కూకుని మా ఇద్దర్నీ చూడు చాలు.

ఒక్క పని చెయ్యి. అందరికీ తెలియాలి. వాళ్ళకి వేరేవాళ్ళ నోట వినపడే కంటే మన నోటితోనే చెప్పాలి. నువ్వు క్యాంపు నుంచి దిగి ఫోను పట్టుకోగానే,

భాలుబాసాలో మీ బలరామ్ చిన్నాన్నకి. ఓసారి సైకిల్ మీంచి పడ్డానంటే నమ్మి నా సైకిల్ అమ్మేయించాడు. ఇంకోటి కొనుక్కుంటానని కూడా చెప్పు.

పలాసలో నూకమ్మ అత్తకి. మెల్లగా చెప్పు, గుండె జబ్బు మనిషి. చెప్పి, స్టూలు మీంచి నెగడం నేర్పు.

ఇచ్ఛాపురంలో జగదాంబ పిన్నికి. మీ అమ్మ చెల్లెలు కదా, మాతో చెప్పలేదేమని తిడతది. తిట్టనీ, అంతా విను.

ఖరగ్‌పూర్‌లో నా మేనల్లుడు సాయిచంద్‌కి. వాడూ ఈమధ్య తాగుతున్నాడని విన్నాను. వాడికి ఏదీ దాచకుండా చెప్పు, నెత్తురుతో సహా.

అసిరమ్మ పెద్దమ్మకి. ఆవిడకి చెవులు వినపడవు, కోడలికి చెప్తే ఆ కోడలు ఊరందరికీ చెప్పుద్ది. అదే కావాల మనకి.

సిద్ధగోరాలో మా కోడలు హేమకి మాత్రం నువ్వు చెప్పద్దు. ఆ పిల్ల దెబ్బలు విని ఊరుకున్నది మేమే. మీ అమ్మా నేనూ నడిచే వెళ్తాం, ఆ పిల్ల గుమ్మం ముందు నిలబడి మేమే చెప్తాం.